హద్దురాళ్ల మధ్య ఛత్రి అనే కుక్క

ముప్పై రెండేళ్లు ఇతరుల స్థలాలు కొలిచి బతికాను. ప్రైవేటు సర్వేయర్‌ని. లైసెన్సు ఉండేది, స్కూటర్ ఉండేది, ఎండకు మాడిన మెడ ఇప్పటికీ ఉంది. ఉద్యోగంలో పైకి ఎలా వచ్చానో రాయమంటే కష్టం. మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కళ్లద్దాల షాపు మీద, రెండో అంతస్తులో ఉండేది. రోజూ మెట్లెక్కి పైకి వచ్చేవాణ్ని. అంతకు మించి పైకి వెళ్లిన గుర్తు లేదు.

ఈ మధ్య మా కాలనీలో ఒకమ్మాయి సివిల్ డిప్లొమా పూర్తిచేసి సర్వే పనిలో చేరింది. చేరే ముందు మా ఇంటికి వచ్చి, "అంకుల్, ఈ లైన్లో ముఖ్యంగా ఏం తెలిసుండాలి?" అని అడిగింది. త్రికోణమితి అని చెబుదామనే నోరు తెరిచాను. అప్పుడే మా కుక్క వచ్చి నా కాళ్ల మీద పడుకుంది. "దీని దగ్గర నేర్చుకున్నది చెప్పనా?" అన్నాను. ఆ అమ్మాయి మర్యాదగా నవ్వి, కాఫీ తాగి వెళ్లిపోయింది. జోకనుకుంది. నేను జోకులు వేస్తానని మా కాలనీలో ఒక అపోహ ఉంది. మా ఆవిడకు మాత్రం అలాంటి అపోహ లేదు. నా మాటలకు ఆవిడ ఇంతవరకు నవ్వలేదు.

ఆ అమ్మాయికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

గొడుగు ఎవరి కోసం

అల్మాస్‌గూడ దాటాక ఒక వెంచర్. వెంచర్లు వేసేవాళ్లు ముందు చెట్లన్నీ కొట్టేస్తారు, తర్వాత దానికి ఏదో ఒక వనం అని పేరు పెడతారు. ఇది కూడా అలాంటి వనమే. పది ఎకరాల్లో నీడ అంటూ ఉంటే అది మా సర్వే గొడుగు నీడ ఒక్కటే.

ఆ గొడుగు సర్వేయర్ కోసం కాదని కొత్తవాళ్లు తెలుసుకోవాలి. మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టే టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం కోసం. యంత్రం వేడెక్కితే తప్పు చూపిస్తుంది. సర్వేయర్ వేడెక్కితే ఎవరికీ నష్టం లేదని ఈ వృత్తిలో మొదటి నుంచీ ఉన్న అభిప్రాయం.

మొదటి రోజు పదకొండింటికి గోధుమరంగు ఆడకుక్క ఒకటి, ఎడమ చెవి చిరిగింది, నింపాదిగా నడుచుకుంటూ వచ్చి ఆ గొడుగు నీడలో పడుకుంది. హుష్ అన్నాను. నా వైపు చూసి, ఈ మనిషితో మాటలెందుకన్నట్టు కళ్లు మూసుకుంది. రెండో రోజూ వచ్చింది. సూర్యుడితో పాటు నీడ జరిగితే, అదీ జరిగేది. తొమ్మిది రోజుల పనిలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు. మా ఆఫీసులో ఆ మాట చెప్పుకోగలిగినవాళ్లు తక్కువ.

ఆఖరి రోజు గొడుగు మడిచి స్కూటర్‌కు కడుతుంటే వెనకాలే వచ్చి, కాళ్లు పెట్టుకునే చోట ఎక్కి కూర్చుంది.

"సార్, గిది మీ బండెక్కింది" అన్నాడు యాదగిరి.

యాదగిరి మా చెయిన్‌మన్. నేను యంత్రంలోంచి చూస్తుంటే అవతల చివర కడ్డీ పట్టుకుని నిలబడే మనిషి. నాకంటే ఆరేళ్లు పెద్ద. నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చి మీర్‌పేట్‌లో స్థిరపడ్డాడు.

"దింపు యాదగిరీ" అన్నాను.

"నేనెందుకు దింపుతా? నా బండా? ఛత్రి తీస్కపోతున్రు, అది ఛత్రెన్క ఒస్తున్నది. దాని తప్పేమున్నది?"

యాదగిరి భాషలో గొడుగంటే ఛత్రి. పేరు అక్కడే పడిపోయింది. ఎల్బీనగర్‌లో ఉండే మా ఇంటికి చేరేసరికి ఛత్రి నిద్రపోతోంది.

తలుపు తీసిన మా ఆవిడ సరోజ అటూ ఇటూ చూసి, "ఏంటండీ ఇది?" అంది.

"కుక్క."

"అది నాకూ కనబడుతోంది. ఎన్నాళ్లకని అడుగుతున్నా."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఒప్పందం కుదిరింది. ఒప్పందంలోని షరతులన్నీ ఆవిడవే. "మా తెనాలిలో కూడా కుక్కలున్నాయి, కానీ అవి వీధిలో ఉంటాయి. సరే, వచ్చింది కాబట్టి ఉండనివ్వండి. పగలంతా నేనొక్కదాన్నీ దీని వెనక తిరగలేను. మీతో పాటు పొద్దున్నే వెళ్లి, మీతో పాటే రావాలి."

కుక్కను రోజూ పనికి తీసుకెళ్లడం వెనక గొప్ప సిద్ధాంతం ఏదో ఉందని తర్వాత చాలామంది అనుకున్నారు. లేదు. ఇంట్లో ఒప్పుకోలేదు, అంతే. పశువుల దవాఖానలో సూదులన్నీ వేయించి, మెడకు పట్టీ కట్టి, సోమవారం నుంచి డ్యూటీకి తీసుకెళ్లాను.

కిషన్‌రావు సార్ షరతు

మా ఆఫీసు కిషన్‌రావు సార్‌ది. సర్కారు సర్వే శాఖలో రిటైరై, ఆ తర్వాత ఈ ఆఫీసు పెట్టారు. ఇనప గొలుసుతో పొలాలు కొలిచిన కాలం మనిషి. యంత్రం మీద ఆయనకు గౌరవమే కానీ నమ్మకం తక్కువ. సర్వేయర్ మీద రెండూ తక్కువే.

ఛత్రి మొదటి రోజు ఆయన బల్ల కింద చేరింది.

"ఏంది గిది?"

"కుక్క సార్."

"కుక్కని నాకు గూడ ఎరికే. ఆఫీసుల దీనికేం పని?"

"సెక్యూరిటీ సార్."

ఆయన వంగి చూశారు. సెక్యూరిటీ వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ పైకెత్తి గురక పెడుతోంది.

"జర లేపు సెక్యూరిటీని."

లేపాను. లేచి, ఆయన చెప్పు మీద తల పెట్టి మళ్లీ పడుకుంది. సార్ మళ్లీ వంగి చూశారు. కాలు మాత్రం లాక్కోలేదు.

"సరే" అన్నారు చివరికి. "ఒక్క మాట. పని కాడ దీనితోని ఒక్క గల్తీ అయిందనుకో, ఇది ఇంట్లనే ఉండాలె. మల్ల నా దగ్గర ఏడ్వొద్దు."

"ఏడవను సార్."

నెల తిరిగేసరికి షుగర్ ఉన్న ఆ మనిషి సొరుగులో ఉస్మానియా బిస్కెట్లు కనిపించడం మొదలైంది. ఎవరి కోసమని అడిగితే "గెస్టుల కోసం" అనేవారు. మా ఆఫీసుకు గెస్టులు వచ్చేవారు కాదు. కక్షిదారులు వచ్చేవారు, వాళ్లకు మంచినీళ్లే.

దాని వల్ల ఏం ఒరిగింది

స్థలం కొలవడానికి వెళ్తే మనల్ని ఎవరూ ఆహ్వానించరు. పిలిచినవాడికి మనం ఆలస్యంగా వచ్చిన మనుషులం. పక్క స్థలం వాడికి అవతలివాడు కొనేసిన మనుషులం. కొత్త కాలనీల్లో వీధికుక్కలకైతే దొంగలం. ఛత్రి వచ్చాక మొదటి రెండూ కొంచెం మారాయి. "ఎవరి తరఫున వచ్చిన్రు?" అని అడిగేవాళ్లు, ముందు "దీని పేరేంది?" అని అడగడం మొదలుపెట్టారు. పేరు చెప్పి, చెవి ఎందుకు చిరిగిందో నాకు తెలియదని చెప్పేలోగా యంత్రం నిలబెట్టేసేవాణ్ని.

మూడోది మాత్రం మారలేదు. వీధికుక్కలు మా ముగ్గురినీ కలిపి తరిమేవి. అందరికంటే ముందు పరిగెత్తేది ఛత్రే.

తుర్కయంజాల్‌లో ఒకసారి అన్నదమ్ముల స్థలం పంచాం. ఇద్దరూ ఎన్నో ఏళ్లుగా మాట్లాడుకోవడం లేదు. మేం వెళ్లినప్పుడు గీతకు ఇటొకరు, అటొకరు, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఛత్రి సరిగ్గా గీత మీద పడుకుంది. అన్న ఇంట్లోకి వెళ్లి గిన్నెలో పాలు తెచ్చి దాని ముందు పెట్టాడు. తమ్ముడు ఆకాశం వైపు చూస్తూ, "పచ్చిపాలు పోస్తె కక్కుతది. కాగబెట్టాలె" అన్నాడు. అన్న నేల వైపు చూస్తూ, "కాగినయే" అన్నాడు. నాకు తెలిసి ఆ రోజు వాళ్లు మాట్లాడుకున్నది ఇంతే. కానీ రాళ్లు పాతేటప్పుడు ఎవరూ అడ్డుపడలేదు.

దీన్నిబట్టి కుక్కకు మనుషులను చదివే విద్య ఉందని అనుకోకండి. ఒక బిల్డర్‌ను చూసి అది ఊరికే మొరిగితే, ఆయన కాగితాల్లో ఏదో మోసం ఉందని కాలనీ అంతా తేల్చేసింది. కాగితాలన్నీ నేనే చూశాను, బాగానే ఉన్నాయి. ఆయన చేతిసంచిలో మిర్చి బజ్జీలున్నాయి.

కొలతలు సరిపోయిన తప్పు

ఇప్పుడు అసలు విషయం. ఇది చెప్పకుండా మిగతాదంతా చెబితే, బాగా బతికాననే అభిప్రాయం కలుగుతుంది.

అన్నపూర్ణ గారు భీమవరం వైపు మనిషి. ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. భర్తది ఊళ్లు తిరిగే ఉద్యోగం కాబట్టి ఇల్లు కట్టించే పనంతా ఆవిడదే. అల్మాస్‌గూడలో రెండు వందల గజాల ప్లాటు. హద్దులు చూపించి రాళ్లు పాతమని మాకు అప్పగించారు. వాళ్లుండే కొత్తపేట ఇంటిని ఓనరు వచ్చే ఏడు పడగొట్టి అపార్టుమెంటు కడుతున్నాడు. ఆలోగా సొంత ఇల్లు లేవాలి. అదీ ఆవిడ హడావిడి.

మా పని ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో చెబుతాను. యంత్రం నిలబెట్టగానే ముందు మనకు ఖాయంగా తెలిసిన ఒక గుర్తు వైపు తిప్పి చూస్తాం. ఆ చూపుతో యంత్రానికి ఏది ఎటు ఉందో తెలుస్తుంది. అక్కణ్నుంచి కోణాలు తిప్పుకుంటూ ప్లాటు మూలలు గుర్తిస్తాం. మధ్యలో ఎవరైనా స్టాండును తాకితే, ముందుకు పోకుండా మళ్లీ ఆ మొదటి గుర్తును చూసుకోవాలి. చదువుకున్న మొదటి నెలలోనే ఇది చెబుతారు. అందుకే కాబోలు, అందరూ మర్చిపోతారు.

ఆ రోజు యంత్రాన్ని దక్షిణం వైపు రోడ్డు చివర నిలబెట్టాను. మొదటి గుర్తు చూశాను. యాదగిరి కడ్డీ పట్టుకుని ప్లాటు వైపు నడిచాడు. ఆలోగా ఛత్రికి వీపు దురద పుట్టింది. స్టాండు మూడు కాళ్లలో ఒకదానికి ఆనుకుని, కళ్లు మూసుకుని, హాయిగా రుద్దుకుంది. స్టాండు కదిలింది. యంత్రం మట్టంగా ఉందో లేదో చూపించే బుడగ పక్కకు పోయింది. కుక్కను కసిరి, బుడగను మధ్యకు తెచ్చాను. మొదటి గుర్తు మాత్రం మళ్లీ చూడలేదు. ఎండ మండిపోతోంది, ఆవిడకు క్లాసు టైమవుతోంది, యంత్రం చూపు బాగానే ఉందని నాకు అనిపించింది. "అనిపించింది" అనే మాట సర్వేయర్ నోట వినబడితే ఆ స్థలం కొనకండి.

నాలుగు రాళ్లూ పాతాం. టేపు పట్టి చూస్తే పొడవు, వెడల్పు, మూలకు మూల, అన్నీ అచ్చంగా సరిపోయాయి. ఆవిడే స్వయంగా లెక్కవేసి "శభాష్" అన్నారు. పదో తరగతి తర్వాత నన్ను శభాష్ అన్న లెక్కల టీచర్ ఆవిడే.

వారం తర్వాత బుధవారం మంచి ముహూర్తం చూసి ఈశాన్యం మూల గుంట తీసి శంకుస్థాపన చేసుకున్నారు. సోమవారం మేస్త్రి వచ్చి పునాదులకు ముగ్గు పోయాలి.

శుక్రవారం నేను అదే వెంచర్‌లో ఉన్నాను. ఆవిడకు తూర్పు పక్క ప్లాటు సత్తయ్యది. రెండు లారీలున్న మనిషి, నల్గొండ వైపు వాడే, ప్రహరీ కట్టడానికి తన హద్దు చూపించమన్నాడు. యంత్రం పెట్టి చూస్తే, అన్నపూర్ణ గారి తూర్పు రాళ్లు రెండూ సత్తయ్య స్థలంలో అడుగు లోపలికి ఉన్నాయి. పడమటి రెండూ తూర్పుకే అడుగు జరిగి ఉన్నాయి.

మా వృత్తిలో మొదటి అనుమానం ఎప్పుడూ ఇతరుల మీదే. "రాళ్లెవరో జరిపారు యాదగిరీ" అన్నాను.

యాదగిరి బీడీ ఆర్పి, "ఎవ్వరు జరపలే సార్. నాలుగు రాళ్లను ఒక్క తీరుగ అడుగడుగు జరిపెటోడు దొంగ గాదు, సర్వేయరే" అన్నాడు.

"అంటే?"

"గా రోజు ఛత్రి వీపు రుద్దుకున్నది. మీరు బుడగ సక్కగ చేసిన్రు. ఎన్కకు తిరిగి గుర్తు సూడలే. నేను గాడ్నుంచి సూస్తనే ఉన్న."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"అంతకు ముందు దినం కడ్డీ వంకర ఉన్నదంటే, 'నీ పని నువ్వు చూస్కో' అన్నరు గద. నా పని నేను చూస్కున్న."

ముప్పై రెండేళ్లలో నాకు ఇన్ని మార్కులు ఎవరూ తగ్గించలేదు.

లైసెన్సు ఎవరిది

దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి మూడు రకాల సంజాయిషీలు తయారుచేసుకున్నాను. మూడింటిలోనూ కుక్క ఉంది. కిషన్‌రావు సార్ మొత్తం విన్నారు. ఛత్రి యథాప్రకారం ఆయన చెప్పు మీద పడుకుని ఉంది.

"అంటె కుక్క గల్తీ అంటవ్."

"స్టాండు కదిపింది అదే కద సార్."

"దీనికి లైసెన్సున్నదా?"

"లేదు సార్."

"లైసెన్సు లేనిదానితోని గల్తీ ఎట్లయితది? గల్తీ చెయ్యాలంటె ముందుగాల లైసెన్సుండాలె." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "కుక్క కదిలిచ్చింది. నువ్వు చూడలే. మొదటి ముక్క ఇంటికి పోయి మీ ఆవిడకు చెప్పుకో. రెండో ముక్క ఫీల్డు బుక్కుల రాసి సంతకం పెట్టు."

రాశాను. నా చేతిరాత అంత పొందికగా ఎప్పుడూ లేదు.

"రేపు పొద్దుగాలనే పోయి ఆమెకు చెప్పు. ఫోన్ల గాదు, ప్లాటు కాడ నిలబడి చెప్పు. కుక్కను గూడ తీస్కపో. ముద్దాయిలిద్దరు ఉండాలె. సోమవారం ఆమె ముగ్గు ఆగిందనుకో, నీ కుక్క గూడ ఇంట్ల ఆగుతది. నా మాట అంతే."

చిక్కు ఏమిటంటే ఆదివారం నుంచి మూఢం. శంకుస్థాపన మళ్లీ చేయాల్సి వస్తే, దాదాపు మూడు నెలలు ముహూర్తాలు లేవు. మూడు నెలలు ఆగితే వాళ్ల కొత్తపేట ఓనరు ఆగడు.

ఈశాన్యం గుంట

శనివారం ఏడింటికి ఆవిడ వచ్చారు. జడలో పూలు, చేతిలో సుద్ద డబ్బా. అటునుంచి అటే క్లాసుకు వెళ్లాలట.

"ఏమండీ ప్రసాద్ గారూ, పొద్దున్నే రమ్మన్నారు. రాయేమైనా పోయిందా?"

"రాయి ఉందండీ. ఉండాల్సిన చోట లేదు."

"ఎంత?"

"అడుగు. తూర్పుకి."

"ఒక్కటా?"

"నాలుగూ."

ఆవిడ ఒక్క నిమిషం ప్లాటు వైపు చూశారు. "అంటే కొలతలన్నీ సరిపోయి, దిశ తప్పిందన్నమాట. కోణం కదిలింది. మొదటి గుర్తు మళ్లీ చూసుకోలేదా?"

ఆవిడ క్లాసులో వెనక బెంచీ వాళ్లకు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. "చూసుకోలేదండీ" అన్నాను.

"ఎందుకని?"

ఛత్రి నా పక్కనే కూర్చుని తోక ఊపుతోంది. యాదగిరి నా ముఖమే చూస్తున్నాడు. "స్టాండు కదిలింది. సరిచేశాననుకున్నాను. తప్పు నాది" అన్నాను. ఇంత చిన్న వాక్యం కోసం మూడు సంజాయిషీలు పారేయాల్సి వచ్చింది.

"అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు నాకొక్కటి తేల్చండి. బుధవారం నేను పూజ చేసింది ఎవరి స్థలంలో?" ఆవిడ సుద్ద డబ్బా కింద పెట్టేశారు. "ఆ గుంట అవతలి వాళ్ల దాంట్లోకి పోయిందంటే నా శంకుస్థాపన కాలేదన్నట్టే. మూఢం వెళ్లేదాకా పలుగు పెట్టనివ్వరు మా అత్తగారు. ఎక్కడుంటామండీ మేము?"

యంత్రం తీశాను. అప్పటికి సత్తయ్య కూడా వచ్చాడు.

"ఏందమ్మా, పొద్దుగాలనే పంచాయితి?" అని, విషయం విని నవ్వాడు. "గుంట నా దిక్కొస్తె మంచిదే గద. పూజ మీరు చేసిన్రు, పున్యం నాకొస్తది."

"పుణ్యం మీకొస్తే మీ ఇల్లు లేస్తుంది, నాది కాదు" అన్నారు ఆవిడ.

సత్తయ్య నవ్వాపుకున్నాడు. "పరేషాన్ గాకున్రి అమ్మా. కొలవనియ్యున్రి."

స్టాండు నిలబెడుతుంటే ఛత్రి అలవాటు ప్రకారం నీడ కోసం బయల్దేరింది. నేను నోరు తెరిచేలోగా అన్నపూర్ణ గారు దాని మెడపట్టీ పట్టుకున్నారు. "దీన్ని నేను చూసుకుంటాను. మీరు అటు చూడండి" అన్నారు. ఆవిడకు కుక్కలంటే భయమని, చేయి బారచాచి దూరంగా నిలబడటంలోనే తెలుస్తోంది. కానీ వదల్లేదు.

మొదటి గుర్తు చూశాను. మళ్లీ చూశాను. "ఇంకోపాలి సూడున్రి" అని దూరం నుంచి యాదగిరి అరిచాడు. చూశాను. ఈశాన్యం మూల, ఆగ్నేయం మూల కొత్తగా గుర్తుపెట్టి, రెండింటి మధ్యా దారం లాగాం. ఆ దారానికి ఇటు ఆవిడది, అటు సత్తయ్యది.

గుంట పూడ్చేసి ఉంది. పైన పసుపు, కుంకుమ, వాడిన బంతిపూలు. అంచు ఎక్కడిదాకా ఉందో మట్టి రంగులోనే తెలుస్తోంది. గుంట తూర్పు అంచు నుంచి దారం దాకా యాదగిరి టేపు పట్టాడు. నాలుగు తలలు వంగాయి. కుక్కది కూడా లెక్కేస్తే ఐదు.

"మూడు అంగుళాలు" అన్నాడు యాదగిరి.

"ఎటు?" అన్నారు ఆవిడ.

"మీ దిక్కే అమ్మా. మూడు అంగుళాలు మీ లోపలనే ఉన్నది."

"మళ్లీ కొలవండి."

కొలిచాం. మూడు.

"ఆయన్ని కొలవమనండి." సత్తయ్య చెప్పులు విడిచి, మోకాళ్ల మీద కూర్చుని కొలిచాడు. మూడే.

ఆవిడ అక్కడే నిలబడి పురోహితుడికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. అంతా చెప్పారు. ఆయన ఎక్కడో ఇంకో పూజలో ఉన్నట్టున్నాడు, వెనకాల గంట మోగుతోంది.

"అమ్మా, గుంట మీ నేలలో ఉందా, లేదా? అది చెప్పు."

"ఉందండీ. మూడు అంగుళాలు లోపల."

"మూడు అంగుళాలైనా మూడు మైళ్లయినా భూదేవికి ఒకటే తల్లీ. శుభ్రంగా ముగ్గు పోయించుకో. ఆ కొలిచినాయన్ని మాత్రం కాస్త నిదానంగా ఉండమను."

స్పీకర్‌లో కాబట్టి అందరం విన్నాం. సత్తయ్య నవ్వాడు. ఆవిడ నవ్వలేదు, కళ్లు తుడుచుకుని, వాచీ చూసుకుని, క్లాసుకు వెళ్లిపోయారు. వెళ్తూ ఛత్రి మెడపట్టీని నా చేతికి కాదు, యాదగిరి చేతికి ఇచ్చారు. అది నా గురించి ఆవిడ తీర్పు. అప్పీలుకు పోలేదు.

నాలుగు రాళ్లూ పీకి, సరైన చోట మేమే పాతాం. సోమవారం పొద్దున మేస్త్రి ముగ్గు పోస్తుంటే దూరం నుంచి చూసి వచ్చాను. సార్‌కు ఆ సంగతి చెబితే, "మరి నిలబడ్డవేంది? కుక్కకు నీళ్లు పెట్టు" అన్నారు.

కొత్తగా చేరేవాళ్లకు

కొలత సరిపోవడం వేరు, చోటు సరిపోవడం వేరు. లోపల లెక్కలన్నీ అచ్చంగా కుదిరిన తప్పు అన్నిటికంటే ప్రమాదం. దాన్ని చూసి శభాష్ కూడా అంటారు.

ఛత్రి వల్ల నా కొలత తప్పింది ఆ ఒక్కసారే. ఛత్రి లేకుండా ఎన్నిసార్లు తప్పి ఉంటుందో నాకు తెలియదు, ఆ రోజు నుంచే కదా వెనక్కి తిరిగి చూడటం అలవాటైంది. కుక్క ఉన్నా లేకపోయినా, ప్రతి రాయికీ ముందు ఒకసారి మొదటి గుర్తు చూసేవాణ్ని.

ఇంకొకటి. అవతల చివర కడ్డీ పట్టుకునే మనిషికి మీరు చేసే తప్పు మీకంటే ముందు కనబడుతుంది. అతను నోరు విప్పడం, విప్పకపోవడం నిన్న మీరు అతనితో ఎలా మాట్లాడారన్న దాని మీద ఉంటుంది. ఈ సంగతి ఏ డిప్లొమాలోనూ లేదు. తర్వాత యాదగిరి నన్ను ఎన్నో మాటలన్నాడు. అందులో సగం అనవసరం. మిగతా సగం కోసం అన్నీ విన్నాను.

కుక్కను పనికి తీసుకెళ్లమని సలహా ఇవ్వను. సూదులు వేయించాలి, నీళ్లు మోయాలి, ఎండలో దాని కాళ్లు కాలకుండా చూడాలి, పైగా మీ బాస్ చెప్పు మీద నిద్రపోయే అదృష్టం అన్ని కుక్కలకూ ఉండదు. నేను రిటైరైన రోజే ఛత్రీ రిటైరైంది. దండ ఇద్దరికీ వేశారు. అది దాని దండ తినేసింది.

అన్నపూర్ణ గారి ఇల్లు ఓనరు గడువుకు పదిహేను రోజుల ముందే పూర్తయింది. గృహప్రవేశానికి కార్డు వచ్చింది. పిలుస్తారని నేననుకోలేదు. కార్డు వచ్చిన సాయంత్రమే ఫోన్ కూడా చేశారు.

"ప్రసాద్ గారూ, ఆదివారం పాలు పొంగిస్తున్నాం. సరోజ గారిని తీసుకురండి. యాదగిరి గారిని నేను విడిగా పిలిచాను. ఆ నాలుగు కాళ్లదాన్ని కూడా తప్పకుండా తీసుకురావాలి."

"తప్పకుండానండీ."

"ఆ మూడు కాళ్లదాన్ని మాత్రం ఆఫీసులోనే ఉంచేసి రండి."